అక్క వేసిన పూత

రాయగడలో మా బావకి ఒక ఫైబర్ షెడ్డు ఉండేది. నీళ్ల ట్యాంకులు, స్నానాల గదుల తలుపులు, కప్పు మీదికి రేకులు అందులో తయారయ్యేవి. విశాఖపట్నంలో ఫైబర్ పడవలు కట్టేచోట కొన్నేళ్లు ఉండి ఆయన ఆ పని నేర్చుకున్నాడు. గాజు పీచు పరుపుని అచ్చు మీద పరిచి, రెసిన్ పూసి, గాలిబుడగలు లేకుండా రోలరుతో నొక్కి, దాని మీద మళ్లీ ఇంకో పొర పరవడం. చెప్పడానికి పని అంతే. ఆ రెసిన్ వాసన మాత్రం ఎంత ఉతికినా బట్టల్లోంచి పోయేది కాదు. అక్క పెళ్లయి వెళ్లిన కొత్తలో పుట్టింటికి వచ్చినప్పుడల్లా మా అమ్మ ముక్కు మూసుకునేది.

"పిల్ల దగ్గర రంగు డబ్బా వాసనొస్తన్నాది. వాళ్లింట్లో దీనికి సబ్బివ్వరేటి?" అనేది.

మేము వర్తకులం. తాతగారి నాడు విజయనగరం వైపు నుంచి వచ్చి పప్పుల హోల్‌సేలు పెట్టుకున్న ఇల్లు. మా ఇళ్లలో ఆడవాళ్లు కొట్లోకి రావడమన్నది లేదు. అక్క మాత్రం పెళ్లయిన కొద్దికాలానికే బావ పక్కన నిలబడి బ్రష్ పట్టుకుంది. అచ్చు మీద పడే మొదటి పూత పలచగా, అన్నిచోట్లా ఒకే మందంలో ఉండాలి. హార్డెనర్ కలిపిన రెసిన్ గట్టిపడేలోపు పని ముగించాలి. అప్పడాలు ఒత్తి అలవాటైన చెయ్యి కాబట్టి అది తనకి తేలికేనని అక్క నవ్వేది. అత్తగారు మొదట్లో సణిగింది కానీ, అక్క చంటిపిల్లని షెడ్డు బయట చెక్క ఉయ్యాల్లో పడుకోబెట్టి పనిచేస్తుంటే తానే వచ్చి ఉయ్యాల ఊపేది.

నేను విశాఖపట్నంలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివి వచ్చి ఊళ్లో కాలేజీలో పాఠాలు చెబుతున్న రోజులవి. తొంభైల మధ్యకాలం. సాయంత్రం కాలేజీ అయ్యాక ఇంటికి పోకుండా తిన్నగా షెడ్డుకి పోయేదాన్ని. అక్కతో కబుర్లకి, అక్క కూతురితో ఆటకి. బావ పని గురించి అప్పటికి నాకు ఆసక్తి లేదు.

ఒకరోజు నేను వెళ్లేసరికి బల్ల మీద ఒక చిన్న ఇనప రెక్క పెట్టి ఉంది. పక్కన ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున కొండగూడేల్లో పనిచేసే ఒడియా ఆయన కూర్చుని టీ తాగుతున్నాడు. నారాయణపట్న అవతల ఒక గూడెం ఉందని, అక్కడ కొండ మీంచి దూకే గెడ్డ నీటికి చిన్న టర్బైన్ కట్టి గూడేనికి దీపాలు పెట్టామని ఆయన చెప్పాడు. ఇనప రెక్కలు బరువు. పాడైతే కాలిబాటన కిందికి మోసుకురావడం, మళ్లీ పైకి మోయడం కష్టంగా ఉంది. ఫైబరుతో అవే రెక్కలు పోసి ఇవ్వగలరా అని అడగడానికి వచ్చాడు.

బావ పోసిచ్చాడు. రెక్కలు తేలిగ్గా, నున్నగా, చూడముచ్చటగా వచ్చాయి. వానలకి ముందు బిగించారు. వానలు వెళ్లాక ఆయన వాటిని గోనెసంచిలో తిరిగి తీసుకొచ్చి బల్ల మీద పరిచాడు. నీటికి ఎదురు తిరిగే ముందంచు అన్నిటికీ తినేసినట్టయిపోయింది. పై పూత లేచిపోయి, లోపలి గాజు పీచు కుచ్చులు కుచ్చులుగా బయటికి వచ్చింది.

బావ ఒక రెక్క చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "పందుంపుల్ల నమిలీసినట్టు నమిలీసింది," అన్నాడు.

"నీళ్లు ఇంత పని సేస్తాయేటి?" అంది అక్క.

నీళ్లు కాదు, నీళ్లలోని ఇసుక. వానాకాలంలో ఆ కొండల గెడ్డల నిండా సన్నటి పలుగురాతి ఇసుక దిగుతుంది. ఒక్కొక్క రేణువూ రెక్కకి కొట్టుకుని ఇంత గీత, ఇంత గుంట చేసి పోతుంది. అలా నెలల తరబడి. వాటి అరుగుదల తీరు చూశాక నాకు మొదటిసారి ఆ పని మీద మనసు పడింది. రెక్కల పొట్ట మీద ఇసుక ఏటవాలుగా జారిపోయింది కాబట్టి అక్కడ గీతలు పడ్డాయి. ముందంచుకి ఎదురుగా వచ్చి కొట్టింది కాబట్టి అక్కడ పెచ్చులు లేచాయి. ఒకే రెక్కకి రెండు రకాల దెబ్బ.

ఆ చలికాలమంతా మేం ముగ్గురం దాని మీదే ఉన్నాం. బావ పాత పంపుసెట్టు ఒకటి, నూనె డ్రమ్ము ఒకటి తెచ్చి, ఇసుక కలిపిన నీళ్లు సన్నటి గొట్టంలోంచి చిమ్మేలా ఒక ఏర్పాటు చేశాడు. దాని ముందు రకరకాల పూతలు వేసిన ఫైబర్ ముక్కలు, ఒకటి ఎదురుగా ఒకటి ఏటవాలుగా బిగించేవాళ్లం. ముక్కని ముందు తూచి, నీళ్ల దెబ్బ తిన్నాక మళ్లీ తూచేవాళ్లం. అంత సన్నటి తూకం మా కొట్లో లేదు. వీధి చివర కంసాలి కొట్టుకి పోయి అడిగితే ఆయన బంగారం తూచే తక్కెడలో మా ఫైబర్ ముక్కలు పెట్టి, "ఈ నగ ఎవరికమ్మా?" అని నవ్వేవాడు.

మొదట రెసినులో సానరాళ్లకి వాడే కురువిందపు పొడి కలిపి గట్టి పూత వేశాం. ఏటవాలు దెబ్బకి అది బాగా నిలిచింది. ఎదురు దెబ్బకి పగిలి పెచ్చులూడింది. తర్వాత గనుల్లో రాళ్లు మోసే బెల్టులకి అతుకులు వేసే రబ్బరు ద్రావకం సంపాదించి పూశాం. అది ఎదురు దెబ్బని బంతిలా ఓర్చుకుంది కానీ, ఏటవాలు దెబ్బకి చిరిగిపోయింది. ఒక్కోసారి దాని కిందికి నీరు చేరి తొడుగులా మొత్తం ఊడి వచ్చేసేది.

"అంచుకి మెత్తది, పొట్టకి గట్టిది ఎయ్యొచ్చు కద బావా," అన్నాను.

"అతుకు దగ్గర లేచిపోతాది."

"లేవకుండా ఎయ్యాల మరి," అంది అక్క, అదేదో చీర కుచ్చిళ్ల సంగతన్నట్టు.

పడవల పనిలో నేర్చుకున్నది బావకి అప్పుడు గుర్తొచ్చింది. కింది పూత పూర్తిగా ఆరక ముందే, వేలు పెడితే అంటీ అంటనట్టు ఉన్నప్పుడే పై పూత పడాలి. అప్పుడు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ అదను కాసేపే ఉంటుంది. ఎండ రోజుల్లో మరీ కాసేపు. అక్క వేలు ఆనించి చూసి, ఇప్పుడు అని, ఊపిరి బిగబట్టి అంచు పొడుగునా ఒకే లాగున పూసుకుపోయేది. బావ వేస్తే ఎక్కడో ఒకచోట మందం అయ్యేది. నేను వేస్తే గీతలు పడేవి. అందుచేత గూడెం రెక్కలన్నిటికీ అంచు పూత అక్కే వేసింది. పూస్తున్నంతసేపూ ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. అయ్యాక మాత్రం పంపు మోత మీద అరిచినట్టే మాట్లాడేది.

రెక్కలు బిగించడానికి వెళ్లేటప్పుడు తానూ వస్తానంది. అత్తగారు వద్దంది. బావ కూడా వద్దన్నాడు.

"నా సేత్తో ఏసిందాన్ని ఎక్కడ పెడతన్నారో నాను సూడొద్దేటి? పిల్ల మా అమ్మ దగ్గర ఉంటాది. మళ్లీ నాలుగు రోజుల్లో వచ్చీమా?" అంది.

నాకు కాలేజీలో పరీక్షల పని ఉంది. వాళ్లిద్దరూ కకిరిగుమ్మ దాకా రైల్లో, అక్కడినుంచి జీపులో, ఆపైన నడిచి వెళ్లారు. అనుకున్నదానికంటే ముందే వాన పట్టుకుంది. గెడ్డ పొంగి, దారి తెగి, గూడెంలోనే ఉండిపోయారు. తిరిగి వచ్చేసరికి అక్క చీర అంచు మోకాళ్ల దాకా ఎర్రమట్టి. వచ్చి కూర్చుని, పిల్లని ఒళ్లో వేసుకుని, దాని జుట్టు దువ్వుతూ నాకంతా చెప్పింది.

"గట్టి వానలో తిప్పేరమ్మి. నీళ్లు ఎర్రగా, చిక్కగా దిగతన్నాయి. నాకు బయమే. అంచు ఊడిపోతాదేమో అని. దీపాలెలిగేయి. ఒక ముసిల్ది దీపం కింద కూకొని, తన సెయ్యి తిప్పి తిప్పి సూసుకుంది. ఎందుకో అడుగుదామంటే దాని బాస నాకు రాదు."

తర్వాత అక్కకి చలి పట్టింది. వానలో తడిసిందని అందరం అనుకున్నాం. మిరియాల కషాయం ఇచ్చాం, జ్వరం మాత్ర వేశాం. జ్వరం దిగింది, మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగినప్పుడు లేచి పిల్లకి అన్నం కూడా పెట్టింది. ఆ మర్నాడు పొద్దున్న నేను కాఫీ పట్టుకుని వెళితే నన్ను చూసి, "అమ్మా, సెల్లి బడికెల్లిందా?" అని అడిగింది. నేనేనమ్మా చెల్లిని అంటే విసుక్కుంది. అప్పుడు భయం వేసింది. ఆస్పత్రికి తీసుకెళ్లాం. మలేరియా తలకెక్కిందన్నారు. సూదిమందు ఎక్కించారు. విశాఖపట్నం తీసుకెళ్లడానికి నాన్న వ్యాను మాట్లాడి తెచ్చేసరికి, తీసుకువెళ్లే అవసరం లేకపోయింది.

అక్క కూతురికి అప్పటికి మాటలు పూర్తిగా రాలేదు. ఇంటినిండా మనుషులు చేరితే పండగనుకుని గదుల్లో పరిగెత్తింది.

బావ షెడ్డు మూసేశాడు. నెలల తర్వాత నేనే తాళంచెవి అడిగి తీసుకుని తలుపు తెరిచాను. లోపల వాసన కూడా తగ్గిపోయింది. మూత సరిగ్గా పెట్టని డబ్బాలో థిన్నరు ఎగిరిపోయి, అందులో వదిలిన బ్రష్షులు రాళ్లలా బిగుసుకుపోయి ఉన్నాయి. చీపురు తీసుకుని ఊడ్చాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

వానలు వెళ్లాక సంస్థ ఆయన వచ్చాడు. అక్క సంగతి ఆయనకి తెలుసు. షెడ్డులోకి రాకుండా గుమ్మం దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి గోనెసంచి బల్ల మీద పెట్టి, విప్పకుండానే, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. బావని పిలిపించి, సంచి నేను విప్పాను. రెక్కలన్నీ నిలిచి ఉన్నాయి. కొసల్లో మాత్రం పూత పలచబడి, ఒకటి రెండుచోట్ల గాజు పీచు తొంగిచూస్తోంది. ముందంచు పొడుగునా అక్క వేసిన పూత వానాకాలమంతా ఓర్చుకుని నిలిచింది. బావ వేలితో అంచు వెంట తడిమాడు. సంతోషించవలసిన సంగతి అది. మాలో ఎవరికీ సంతోషం రాలేదు.

రెక్కలు మళ్లీ గూడేనికి పోవాలంటే పూత కొత్తగా వెయ్యాలి. కొత్తది పట్టాలంటే పాతది గీకెయ్యాలి. బావ గ్రైండింగ్ మిషను చేతిలోకి తీసుకుని, ఆన్ చేసి, రెక్క దగ్గర దాకా తీసుకెళ్లి ఆపేశాడు. మళ్లీ ఆన్ చేశాడు. మళ్లీ ఆపాడు.

"నా వల్ల కాదమ్మి. కొత్తవి పోసీస్తాను. వీటిని అలాగే ఒగ్గీ," అన్నాడు.

కొత్తవి పొయ్యడానికి కావలసిన సరుకు లేదు. గూడెంలో దీపాలు ఆగి ఉన్నాయి. నేను ముక్కుకి గుడ్డ కట్టుకుని మిషను తీసుకున్నాను. బావ బయటికి వెళ్లి నిలబడ్డాడు. ఆ నల్లటి రబ్బరు పూత సన్నటి పొడిగా లేచి నా చేతుల మీద, కనురెప్పల మీద పడింది. అక్క ఊపిరి బిగబట్టి వేసిన పూత అది. ఎక్కడా గీత లేదు, మందం తేడా లేదు. ఒక్కొక్క రెక్కా తెల్లగా అయ్యేదాకా గీకుతూనే ఉన్నాను. తర్వాత ఇంటికెళ్లి స్నానం చేస్తుంటే నీళ్లు నల్లగా దిగాయి. అప్పుడు ఏడ్చాను. అక్క పోయిన రోజు నేను అంతగా ఏడవలేదు.

కొత్త అంచు పూత నేను నేర్చుకున్నాను. పాడు చేస్తూ, గీకేస్తూ, మళ్లీ వేస్తూ. బావ వేలు ఆనించి అదను చెప్పేవాడు, నేను పూసేదాన్ని. మా ఇద్దరికీ మాటలు తక్కువే. పిల్ల షెడ్డు గుమ్మంలో కూర్చుని ఖాళీ డబ్బాలతో ఆడుకునేది. ఆ రోజుల్లో నాకు కొంచెం ఊరటగా ఉన్న చోటు అదొక్కటే. ఆయనకీ అంతే అనుకుంటాను.

ఒక ఆదివారం బావ వాళ్ల అమ్మ మా ఇంటికి వచ్చింది. వంటింట్లో మా అమ్మతో చాలాసేపు మాట్లాడింది. ఆవిడ వెళ్లాక అమ్మ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"అత్త నిన్ను బావకి అడిగింది. నాన్న కూడా సరే అంటన్నారు. పరాయిది వస్తే ఆ పిల్ల గతేటి? నువ్వయితే తల్లిలాగే సూసుకుంటావు."

"బావ అడిగేడా?"

"ఆడు అడుగుతాడేటి. పెద్దోలం మేం ఉన్నాం."

నాకు బావ మీద కోపం లేదు, అయిష్టం లేదు. పిల్ల మీద ప్రాణం. అయినా ఆ మాట వింటుంటే, అక్క బట్టల పెట్టె తెరిచి, ఇవి నువ్వు కట్టుకో అన్నట్టే వినిపించింది. మర్నాడు షెడ్డుకి వెళ్లాను. బావ గాజు పీచు కత్తిరిస్తున్నాడు. నేను వచ్చిన తీరు చూసే సంగతి తెలిసిపోయింది ఆయనకి.

"మా అమ్మ అడిగిందని తెలుసు. నాను అడగమన్నేదు," అన్నాడు.

"అడిగితే అడిగేరు. నీకెలాగుంది బావా?"

ఆయన కత్తెర పక్కన పెట్టాడు. "నిన్ను సూస్తే మీ అక్క గుర్తొస్తాది. అది మంచిదే అంటన్నారు అందరూ. పనిలో గుర్తొస్తే నిజంగానే మంచిగుంటాది. పొద్దున్న లేస్తూనే గుర్తొస్తే నాను బతకనేనమ్మి. నీకు మాత్రం అన్నేయం కాదేటి?"

"నాకూ అంతే," అన్నాను. ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం కదా, ఇక మునుపటిలాగే పని చేసుకోవచ్చని నాకప్పుడు అనిపించింది.

అలా జరగలేదు. కాదన్నామని తెలిశాక ఊళ్లో వేరే మాట పుట్టింది. పెళ్లికి వద్దంటారు గాని పొద్దల్లా షెడ్డులో ఒక్కచోటే ఉంటారని. నాన్న నన్ను పిలిచి కోప్పడలేదు. "ఎల్లొద్దమ్మి," అని మాత్రం అన్నారు. మా మధ్య కూడా ఏదో మారింది. పూత వేస్తుంటే ఆయన వేలు, నా బ్రష్ దగ్గరికి వస్తే ఇద్దరం తొలగిపోయేవాళ్లం. వీధిలో ఎవరైనా వెళితే తలుపు బార్లా తెరిచేవాడు. ముందెన్నడూ మా మనసుల్లో లేనిదాన్ని అందరూ కలిసి తెచ్చి మా బల్ల మీద పెట్టేశారు. నేను వెళ్లడం మానేశాను. తర్వాతి వానాకాలానికి రెక్కలు ఆయన ఒక్కడే ముగించి పంపాడు. ఎలా నిలిచాయో నేను అడగలేదు.

మరుసటేడు బావకి కొరాపుట్ అమ్మాయితో పెళ్లయింది. మామగారికి అక్కడ పైపుల కొట్టు ఉంది. షెడ్డు అమ్మేసి కొరాపుట్ వెళ్లిపోయారు. స్టేషనుకి నేనూ వెళ్లాను. పిల్లకి అది మొదటి రైలు ప్రయాణం. కిటికీ చువ్వలు పట్టుకుని ఇంజను కోసం చూస్తూ ఉండిపోయింది. నేను పేరుపెట్టి పిలుస్తున్నా ఇటు తిరగలేదు.

నేను రాయగడలో ఉండలేకపోయాను. సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో పరిశోధనకి చేరాను. సముద్రపు ఆటుపోట్ల తోపుడికి తిరిగే టర్బైన్లకి ఫైబర్ రెక్కలు పనికొస్తాయా, వాటి మీద ఎలాంటి పూత వేస్తే ఇసుకనీ, ఉప్పునీటినీ ఓర్చుకుంటాయి అన్నది నా పని. మా సారు మొదటిరోజు అంతా వివరిస్తుంటే విని, అంచుకి మెత్తది, పొట్టకి గట్టిది, అతుకు అంటీ అంటనప్పుడు పడాలి అన్నాను. ఎక్కడ చదివావని అడిగారు. మా ఇంట్లో చేశాం సార్ అన్నాను. అక్కడ తూకానికి గాజు పెట్టెలో యంత్రం ఉంది. పూతకి ఖరీదైన రసాయనాలు ఉన్నాయి. పని బాగానే సాగింది. పట్టా వచ్చింది. ఉప్పునీటిలో నెలలు నానబెట్టి తీసిన ముక్కల అంచుల్ని నేను ఇప్పటికీ ముందు వేలితోనే తడిమి చూస్తాను.

గూడేనికి తర్వాతెప్పుడో కరెంటు స్తంభాలు వెళ్లాయట. టర్బైన్ ఆపేశారు. సంస్థ ఆయన ఒకసారి విజయనగరం బస్టాండులో కనబడి చెప్పాడు. రెక్కలు ఏమయ్యాయని అడిగితే ఆయనకీ తెలియదు.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లకి, చుట్టాల పెళ్లికి జయపురం వెళ్లి తిరిగి వస్తూ కొరాపుట్‌లో దిగాను. బావ జుట్టు నెరిసింది. కొట్టు బాగుంది. ఆయన భార్య నిదానమైన మనిషి. నాకు ఉప్మా చేసి పెట్టి, మా మాటలకి అడ్డం రాకుండా లోపలికి వెళ్లింది. బావ సముద్రం పని గురించి అడిగాడు.

"అక్కడ ఇసుక మెత్తగుంటాదేమో కద?"

"మెత్తదే బావా. గాని రోజంతా అటూ ఇటూ కొడతాది. రెండు అంచులూ అరుగుతాయి."

"రెండేపులా పూతెయ్యాలన్నమాట," అన్నాడు. "కష్టమే," అన్నాడు. ఇంకేదో అడుగుతాడనుకున్నాను. కొట్లోకి బేరం వచ్చి లేచాడు.

అక్క కూతురు బడినుంచి వచ్చింది. ఒడియా బళ్లో చదువుతోంది. నన్ను చూసి, "మావుసీ," అంది, ఒడియాలో పిన్నిని పిలిచినట్టు. తర్వాత తండ్రి వైపు చూసి, "పిన్నీ," అని దిద్దుకుంది. అక్క నుదురు, అక్క చేతివేళ్లు. గొంతు మాత్రం ఎవరిదో. నన్ను బస్సు ఎక్కించడానికి తండ్రీ కూతుళ్లిద్దరూ వచ్చారు. బావ టిక్కెట్టు కోసం వెళ్లాడు. పిల్ల నా సంచి పట్టుకుని నిలబడి, కొంచెంసేపు తటపటాయించి అడిగింది.

"పిన్నీ, మా అమ్మ ఎలాగ మాటాడీది? ఫొటో ఉంది మా దగ్గర. మాట ఎలాగుండీదో నాన్నని అడిగితే సెప్పరు."

నేను అక్కలాగా ఒక మాట అని చూపిద్దామనుకున్నాను. నోరు తెరిచాను. రాలేదు. నా గొంతే వచ్చింది.

"మెల్లిగా మాట్లాడేది," అన్నాను. అది నిజం కాదు. "కాదు కాదు, గట్టిగా మాట్లాడేది. పక్కింటికి వినబడేలాగ."

పిల్ల ఆ రెండు మాటల్లో ఏది పట్టుకోవాలో తెలియనట్టు నా ముఖంలోకి చూసింది. ఇంకా ఏమైనా చెబుతానని కాసేపు చూసింది. ఇంతలో బావ టిక్కెట్టు పట్టుకుని వచ్చాడు. పిల్ల సంచి నా చేతికిచ్చి, తండ్రి పక్కకి వెళ్లి నిలబడింది.